పిల్లి ఇంట్లోకి కుక్క వస్తే

తోడికోడళ్ళు పోట్లాడుకున్నా, అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగువు పడ్డా "కుక్కా పిల్లీలా కొట్టుకుంటున్నారు" అనేస్తాం. ఆ మాట పుట్టిన లోగిళ్ళు ఇప్పుడు పెద్దగా లేవు. కుక్క వీధి అరుగు దగ్గర, పిల్లి పెంకుల మీద, ఎవరి హద్దులో వాళ్ళు బతికిన రోజుల పోలిక అది. ఇప్పుడు రెండూ రెండు పడకగదుల ఫ్లాటులో, ఒకే సోఫా ముందు, ఒకే వంటగది గుమ్మంలో ఎదురుపడుతున్నాయి. అందులోనూ ఎక్కువగా వినిపించే చిక్కు ఒకటుంది. పిల్లి ముందు నుంచీ ఉంది. మూడేళ్ళుగానో నాలుగేళ్ళుగానో ఇల్లంతా దానిదే. ఇప్పుడు కుక్క వస్తోంది.

ఏం చెయ్యాలని అడిగితే నలుగురు నాలుగు చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు "నాలుగు రోజులు గుర్రుమంటాయి, తర్వాత అవే సర్దుకుంటాయి" అంటారు. ట్రైనరు ముందు కుక్కకు యజమాని ఎవరో తెలియాలంటాడు. వెటర్నరీ డాక్టరు రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టి నెమ్మదిగా కలపమంటారు. పెట్ షాపువాళ్ళు ప్లగ్గుకు పెట్టే డిఫ్యూజరు ఒకటి చేతిలో పెడతారు. ఎన్నాళ్ళు పడుతుందంటే మూడు రోజుల నుంచి ఆరు నెలల దాకా ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ఈ సలహాలన్నింటి వెనకా దాదాపు నూరేళ్ళ ప్రయోగాలు, వాదాలు ఉన్నాయి. ఏ సలహా ఏ ఆధారం మీద నిలబడిందో విడదీసి చూస్తే చిక్కుముడి కొంతైనా వదులవుతుంది.

వచ్చిన దారులే వేరు

కుక్క మనిషి వెంట వచ్చింది. పిల్లి మనిషి గాదెలో ఎలుకల వెంట వచ్చింది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్‌లో 1914లో బయటపడిన సమాధిలో ఇద్దరు మనుషులతో పాటు కుక్క ఎముకలు దొరికాయి. వాటి వయసు సుమారు 14,000 ఏళ్ళు. సైప్రస్ దీవిలో మనిషి పక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం సుమారు 9,500 ఏళ్ళ నాటిది. ఆ సంగతిని ఫ్రెంచి శాస్త్రవేత్తల బృందం 2004లో ప్రకటించింది. మన ఇళ్ళలో తిరిగే పిల్లులన్నీ పశ్చిమాసియా అడవిపిల్లి సంతతేనని 2007లో కార్లోస్ డ్రిస్కోల్ బృందం జన్యుపరీక్షలతో తేల్చింది.

ఈ పాత కథకు, ఈనాటి తగువుకు సంబంధం ఉంది. తోడేలు గుంపు నుంచి వచ్చిన కుక్కకు ఊరు మారినా మనవాళ్ళు వెంట ఉంటే చాలు. ఒంటరి వేటగత్తె కడుపున పుట్టిన పిల్లికి చోటు ముఖ్యం. తలుపు మూలకు, సోఫా అంచుకు, మంచం కోడుకు చెంపలు రుద్ది అంటించుకున్న వాసనే దానికి ఇంటి పటం. కుక్క వచ్చిన నాడు ఆ పటం సగం చెరిగిపోతుంది. పైగా పిల్లి వేటాడే జంతువే అయినా, తనను వేటాడేవి కూడా ఉంటాయని ఒక్క క్షణం మరిచిపోదు. కొత్త కుక్క పిల్లిని చూసి "ఆడుకుందామా" అనుకోవచ్చు. అదే క్షణాన పిల్లి "ఎటు పారిపోదామా" అని చూస్తుంటుంది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతలో ఇక్కడ పిల్లి రెండో వైపుకు మారుతుంది.

భాషలు కూడా పొసగవు. కుక్క తోక ఊపితే చాలాసార్లు సంబరం. పిల్లి తోక కొట్టుకుంటే చిరాకు. కుక్క ముందుకాళ్ళు వంచి, వెనకభాగం పైకెత్తి ఆటకు పిలిస్తే, పిల్లి కంటికి అది దూకడానికి పొంచిన భంగిమలానే ఉంటుంది.

కుందేలు, ఎలుక, పంజరం

ఈనాటి "నెమ్మదిగా కలపడం" పద్ధతికి మూలపురుషుడు పీటర్ అనే పిల్లవాడు. 1924లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ ఆ మూడేళ్ళ బిడ్డకు కుందేలంటే ఉన్న భయాన్ని పోగొట్టారు. బిడ్డ ఇష్టమైన తిండి తింటుంటే కుందేలును గదిలో దూరంగా ఉంచేవారు. రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపేవారు. చివరికి బిడ్డ తన వేళ్ళను కుందేలు కొరుకుతున్నా భయపడలేదు. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పే దీన్నే మరో దారిలో పట్టుకున్నాడు. పంజరంలో షాకులు తిని, ఆ పంజరంలో అన్నం ముట్టని పిల్లులకు ముందు దూరపు గదిలో, తర్వాత పంజరాన్ని పోలిన చోట, ఆ తర్వాత పంజరం దగ్గర తిండి పెట్టి భయం వదిలించాడు. 1958లో వచ్చిన అతని పుస్తకం మనుషుల మానసిక చికిత్సకు పాఠ్యమైంది. ఇవాళ అదే పద్ధతిని తిరిగి పిల్లుల మీద వాడుతున్నాం. ఆ పద్ధతి కోసం మొదట షాకులు తిన్నది పిల్లులేనని చాలామందికి తెలియదు.

రెండో పాయ వయసుది. చైనా శాస్త్రవేత్త జింగ్ యాంగ్ కువో 1930లో పిల్లికూనలను మూడు రకాలుగా పెంచి చూశాడు. ఎలుకలను చంపే తల్లి దగ్గర పెరిగిన 21 కూనల్లో 18 ఎలుకలను చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో 9 చంపాయి. ఎలుకలతోనే కలిసి పెరిగిన 18లో చంపినవి 3 మాత్రమే. అవి కూడా తమతో పెరిగిన జాతి ఎలుకల జోలికి పోలేదు. "పుట్టుకతోనే శత్రువులు" అన్న నమ్మకానికి తగిలిన మొదటి గట్టి దెబ్బ అది. 1965లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ కుక్కపిల్లలకు సుమారు 3 నుంచి 12 వారాల మధ్య లోకాన్ని పరిచయం చేసుకునే తెరుపు ఉంటుందని రాశారు. పిల్లులకు ఆ తెరుపు ఇంకా ముందే, దాదాపు 2 నుంచి 7 వారాల మధ్యే ఉంటుందని 1980లలో ఐలీన్ కార్ష్ పరిశోధనలు చూపాయి. నడుమ 1969లో మైకేల్ ఫాక్స్ చివావా కుక్కపిల్లలను పిల్లికూనల మధ్య పెంచితే, అవి కుక్కల కంటే పిల్లుల సావాసమే కోరుకున్నాయి.

ఆ రెండు పాయలూ ఇప్పటికీ విడివిడిగానే పారుతున్నాయి. ఒకటి భయం ఏ వయసులోనైనా కరుగుతుందంటుంది. రెండోది అసలు పని తొలివారాల్లోనే అయిపోతుందంటుంది. మూడేళ్ళ పిల్లి ఉన్న ఇంటికి రెండోది పెద్దగా ఓదార్పు ఇవ్వదు.

"వాటి మానాన వాటిని వదిలెయ్యండి"

ఈ మాటను తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. పల్లెల్లో తరతరాలుగా ఇది పనిచేసింది, దానికి కారణమూ ఉంది. పెరటి తలుపు తీసే ఉండేది. పిట్టగోడ, చూరు, గడ్డివాము, చింతచెట్టు, పారిపోవడానికి పది దారులు. కుక్క నాలుగుసార్లు తరిమితే నాలుగుసార్లూ పిల్లి పైనుంచి చూసి నవ్వినట్టే ఉండేది. తరమడంలో ఫలితం లేదని కుక్కకూ తెలిసొచ్చేది. ఆ సర్దుబాటు చేసింది కాలం కాదు, ఆ దారులు.

అయిదో అంతస్తు ఫ్లాటులో ఆ దారులు లేవు. బాల్కనీకి వల, పడకగదికి తలుపు, బయటికి లిఫ్టు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని ఊరికే అనలేదు. మూలకు చిక్కిన పిల్లి పంజా మొదట కుక్క ముఖం మీదే పడుతుంది. పగ్ లాంటి ముక్కు నొక్కుకుపోయిన, కళ్ళు ఉబికిన కుక్కలకు ఆ గీత కంటిపాప ముందరి పొర మీద పడితే చూపుకే ముప్పు. ఇక కుక్క పెద్దదైతే ఒక్కసారి పట్టి విదిలిస్తే చాలు, పిల్లి వెన్ను విరుగుతుంది. కాబట్టి ఈ వాదానికి చెల్లిన కాలం, చెల్లిన ఇల్లు రెండూ వేరు.

దండించే బడి

ముందు కుక్కకు యజమాని ఎవరో తెలియాలనే ఈ బడి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్విట్జర్లాండులో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో బంధించిన తోడేళ్ళను చూసి 1947లో రాసిన, పోరాడి గెలిచినదే గుంపును ఏలుతుందనే "గుంపు పెద్ద" సిద్ధాంతం, 1970లో డేవిడ్ మెక్ రాసిన తోడేలు పుస్తకంతో లోకమంతా పాకింది. తర్వాత అడవిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన మెక్, సహజమైన గుంపంటే తల్లీదండ్రీ పిల్లల కుటుంబమేనని 1999లో తానే సరిదిద్దాడు. ట్రైనర్లలో కొందరికి ఆ దిద్దుబాటు ఇంకా అందలేదు. కుక్క పిల్లివైపు చూసినప్పుడల్లా మెడపట్టీ గుంజడం, అరవడం, షాక్ కాలర్ వాడడం సాగుతూనే ఉంది.

చిక్కేమిటంటే కుక్క నేర్చుకునే పాఠం మనం అనుకున్నది కాదు. పిల్లి కనిపించింది, మెడకు నొప్పి కలిగింది. పిల్లి అంటేనే నొప్పి అని దాని మనసులో పడుతుంది. మనిషి ఉన్నంతసేపు చూపు తిప్పుకుంటుంది, మనిషి పక్కగదిలోకి వెళ్ళగానే పాత బాకీ తీర్చుకుంటుంది. అమెరికా పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటన కుక్కల శిక్షణలో బహుమానం పద్ధతులే వాడాలని తేల్చి చెప్పింది. ఈ విషయంలో నిపుణుల మధ్య పెద్ద తగువేమీ మిగల్లేదు.

అంచెలంచెలుగా కలిపేవాళ్ళు

ఇప్పుడు పశువైద్యులు, జంతు సంక్షేమ సంస్థలు ఎక్కువగా చెప్పేది ఇదే. ముందు కుక్కకు ఒక గది, పిల్లికి మిగతా ఇల్లు. పిల్లి చెంపలు తుడిచిన తువ్వాలు కుక్క దగ్గర, కుక్క పడుకున్న గుడ్డ పిల్లి దగ్గర. మూసిన తలుపుకు ఇవతల పిల్లి అన్నం గిన్నె, అవతల కుక్క గిన్నె. రోజుకు కాస్త చొప్పున తలుపు దగ్గరికి. తర్వాత చూపు, మధ్యలో అడ్డుతో. విదేశీ వీడియోల్లో దీనికి బేబీ గేట్ చూపిస్తారు. మన ఇళ్ళలో చాలా తలుపులకు దోమల జాలీ ఉండనే ఉంది. నైలాన్ జాలీ అయితే పిల్లి గోళ్ళకు రెండు పూటలు ఆగదు, ఇనుప జాలీ అయితే పనికొస్తుంది. చివరికి ఒకే గదిలో, కుక్క లీష్ మీద.

వీధిలోంచి తెచ్చుకున్న కుక్కపిల్ల విషయంలో ఆ మొదటి అంచెకు ఇంకో ప్రయోజనం ఉంది. 1978లో లోకాన్ని చుట్టేసిన కుక్కల పార్వో వైరస్, పిల్లులకు వచ్చే పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు దగ్గరి చుట్టం. తర్వాత వచ్చిన పార్వో రకాల్లో కొన్ని పిల్లులకూ సోకుతాయి. రెండు వారాలు వేరే గదిలో ఉంచడం మనసుకే కాదు, ఒంటికీ మంచిది.

ఆ చివరి అంచెను కాస్త దగ్గరగా చూద్దాం. పిల్లి ఫ్రిజ్ మీద కూర్చుంది. పది అడుగుల దూరంలో చాప మీద కుక్క, లీష్ ఒకరి చేతిలో, ఆ చేతిలోనే ఉడికించిన చికెన్ ముక్కలు. కుక్క నాలుక బయటపెట్టి ఒగరుస్తోంది. పిల్లి కాస్త కదిలింది. కుక్క చెవులు ముందుకొచ్చాయి, ఒగర్పు ఆగింది, నోరు టక్కున మూసుకుంది. చాలామంది ఇక్కడ "చూశారా, ఎంత బుద్ధిగా కూర్చుందో" అని మురిసిపోతారు. నోరు మూసుకున్న ఆ క్షణమే ప్రమాదం మొదలయ్యే క్షణం. పేరు పెట్టి పిలిస్తే కుక్క తల తిప్పిందా, చికెన్ ముక్క నోట్లో పడాలి. పిలిచినా తిప్పలేదు, ముక్క ముక్కు దగ్గర పెట్టినా వాసన చూడలేదు అంటే దూరం చాలలేదని అర్థం. చాప నాలుగడుగులు వెనక్కి లాగాలి. అదే సమయంలో పైన పిల్లి తోక కొస మాత్రమే టక్‌టక్ మంటుంటే పూట సాగించవచ్చు. చెవులు పక్కలకు పడిపోయి, కళ్ళు నల్లగా విప్పారి, ఒళ్ళు చపాతీలా ఫ్రిజ్‌కు అతుక్కుపోయిందంటే ఆ పూటకు ముగించాలి. అయిదు నిమిషాల పాఠం చాలు. గంట కూర్చోబెడితే నేర్చుకున్నది కూడా పోతుంది.

ఈ బడిలో లోపాలు లేవా? ఉన్నాయి. దీని బలమంతా కుందేలుకు భయపడిన పీటర్ నుంచి, వోల్పే పిల్లుల నుంచి అరువు తెచ్చుకున్నది. తొందరగా కలిపిన ఇళ్ళనూ నెమ్మదిగా కలిపిన ఇళ్ళనూ చీటీలేసి విడగొట్టి పోల్చడం తేలికైన పని కాదు. దగ్గరగా వచ్చింది బ్రిటన్‌లో డాగ్స్ ట్రస్ట్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం. పిల్లి ఉన్న ఇంటికి కుక్కపిల్లను తెచ్చినవాళ్ళను అడిగితే, 12 వారాలలోపు పరిచయమైన కుక్కపిల్లలు, ఎక్కువ కాలం తీసుకుని నెమ్మదిగా పరిచయమైనవి, ఇంట్లో మరో పెద్దకుక్క ఉన్నవి పిల్లి దగ్గర నిమ్మళంగా ఉండే అవకాశం ఎక్కువని తేలింది. చాలా కుక్కపిల్లల్లో కనిపించిన ఇబ్బంది కోపం కాదు, అతిచనువు. ఇల్లంతా వెంటపడి ముఖం నాకడం. పిల్లికి రెండూ ఒకటే.

చోటు మార్చమనేవాళ్ళు

ఇంకో బడి కుక్కనూ పిల్లినీ వదిలేసి ఇంటినే చూడమంటుంది. అమెరికా పిల్లుల వైద్యుల సంఘం, అంతర్జాతీయ పిల్లుల వైద్య సంఘం కలిసి 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు పిల్లికి అయిదు అవసరాలు చెప్పాయి. దాక్కునే చోటు; ఒకచోటే కాక వేరువేరు చోట్ల తిండి, నీళ్ళు, లిట్టర్ ట్రే; ఆట, వేట; మనుషులతో నమ్మకమైన పొత్తు; వాసనల మీద గౌరవం. మొదటి రెండూ సరిగ్గా అమరితే సగం తగువు పుట్టనే పుట్టదన్నది వీళ్ళ మాట.

మన ఇళ్ళకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. విదేశాల్లో వందల డాలర్లు పోసి పిల్లికోసం గోడకు బల్లలు కొట్టిస్తారు. మనకు అటక ఉంది. పాత ట్రంకుపెట్టె, బీరువా, అటక వరసగా ఉంటే చాలు, పిల్లికి రాజమార్గం. అడ్డొచ్చేది మన సర్దుడే. అటక నిండా దీపావళి డబ్బాలు, పాత గిన్నెలు. లిట్టర్ ట్రే విషయంలోనూ అంతే. దాన్ని చాలామంది బాత్రూంలో తలుపు వెనకాల పెడతారు. అక్కడికి వెళ్ళే దారి ఒక్కటే. కుక్క ఆ దారిలో పడుకుంటే పిల్లి గంటల తరబడి ఆపుకుంటుంది. తర్వాత బట్టల బుట్టలో పోస్తే "పొగరు" అని తిడతాం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్ బృందం ఏళ్ళ తరబడి చూపించింది ఇదే: ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా పిల్లులకు వచ్చే మూత్రాశయపు వాపుకు, ఇంట్లో ఒత్తిడికి పొత్తు ఉంది. మగపిల్లికి మూత్రం పూర్తిగా బిగిస్తే అది గంటల మీద ప్రాణం తీసే అత్యవసరం.

ఈ బడికి ఉన్న పరిమితి కూడా స్పష్టమే. చోటు ఎంత మార్చినా వేటకుక్కను మార్చలేదు.

జాతా, వయసా, చరిత్రా?

"ఏ జాతి కుక్క పిల్లితో కలుస్తుంది?" అన్నది పెట్ షాపుల్లో ఎక్కువగా వినే ప్రశ్న. గ్రేహౌండ్ తరుముతుంది, లాబ్రడార్ కలుపుగోలు అన్నవి పుకార్లేమీ కావు. ఒక్కో జాతిని ఒక్కో పనికి పెంచారు. కుక్కల మీద పరిశోధన చేసిన కోపింగర్ దంపతులు రాసినట్టు వేట అనేది చూడడం, పొంచడం, తరమడం, పట్టడం, చంపడం అనే మెట్ల వరస. కొన్ని జాతుల్లో కొన్ని మెట్లను మనిషే పెంచాడు, కొన్నింటిని తుంచాడు. అయినా 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన డార్విన్స్ ఆర్క్ అధ్యయనం 18,000 పైగా కుక్కల వివరాలు చూసి, ఒక్కో కుక్క ప్రవర్తనలో తేడాలకు జాతి వివరణ 9 శాతం మాత్రమేనని చెప్పింది. జాతి పేరు చూసి పందెం కాయడం తెలివైన పని కాదు.

మన దగ్గర దత్తతకు వచ్చేవాటిలో వీధి కుక్కలు చాలా ఉంటాయి. వీటికి జాతి ముద్ర లేదు, చరిత్ర మాత్రం ఉంది. చెత్తకుప్ప దగ్గర పిల్లిని తరమడం, పట్టడం కూడా చూసిన రెండేళ్ళ కుక్క వేరు, తల్లి నుంచి విడిపోయి ఎవరి ఇంట్లోనో పిల్లితో పెరిగిన రెండు నెలల కూన వేరు.

ఆ చరిత్రను కనిపెట్టడం ఎలా? షెల్టర్లలో కుక్కకు పిల్లినో పిల్లి బొమ్మనో చూపించి పరీక్షించడం అలవాటు. న్యూయార్క్ రాష్ట్రంలోని కెనీషియస్ కళాశాలలో క్రిస్టీ హాఫ్‌మన్ బృందం 2017లో దీన్ని తరచి చూసింది. కుక్కలు పిల్లి బొమ్మ కంటే, పిల్లి వాసన కంటే పిల్లి అరుపుల రికార్డింగ్‌కు ఎక్కువ స్పందించాయి. గతంలో పిల్లిని కరిచిన, చంపిన కుక్కలు ఆ అరుపులవైపే ఎక్కువసేపు తిరిగి ఉన్నాయి. చూపుతో చేసే పరీక్ష చెవిని మరిచిపోయిందన్నమాట.

లెక్కలు ఏం చెప్పాయి

టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో నెటా-లీ ఫోయర్‌స్టైన్, జోసెఫ్ టెర్కెల్ 2008లో చేసినది ఈ రంగంలో మొదట చెప్పుకునే పని. వాళ్ళు యజమానులను అడిగి ఊరుకోలేదు, ఇళ్ళకు వెళ్ళి చూశారు. సుమారు మూడింట రెండు వంతుల ఇళ్ళలో స్నేహం, పాతిక శాతం ఇళ్ళలో నువ్వెవరో నేనెవరో అన్న పద్ధతి, మిగతా కొద్ది ఇళ్ళలోనే పోరు. పిల్లి ముందు నుంచీ ఉండి కుక్క తర్వాత వస్తే, పైగా చిన్న వయసులోనే కలిస్తే మంచిదని తేలింది. ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకోవడం పిల్లుల మర్యాద. ఆ ఇళ్ళలో కుక్కలు కూడా దాన్ని నేర్చాయి.

బ్రిటన్‌లో లింకన్ విశ్వవిద్యాలయం 2018లో 748 మంది యజమానులను అడిగింది. 80 శాతానికి పైగా తమ కుక్కా పిల్లీ ఒకదాని దగ్గర ఒకటి హాయిగానే ఉన్నాయన్నారు, అసలు పొసగదన్నవాళ్ళు 3 శాతం. ఈ రెండు అధ్యయనాలూ కలిసేచోట సామెత ఓడిపోయింది. విడిపోయేచోటే అసలు విషయం ఉంది. ఇజ్రాయెల్ బృందం రెంటి వయసూ ముఖ్యమంది. లింకన్ బృందానికి కుక్క వయసు అంత లెక్కలోకి రాలేదు. పిల్లి ఏ వయసులో పరిచయమైంది, పిల్లికి ఎంత నెమ్మది ఉంది అన్నవే స్నేహాన్ని నిర్ణయించాయి. బెదిరింపులు కూడా కుక్కకంటే పిల్లి నుంచే ఎక్కువని అక్కడి యజమానులు చెప్పారు. అంటే పుస్తకాలు, వీడియోలు, ట్రైనర్లు కుక్కను దిద్దే పనిలో ఉంటే, ఫలితం మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని రెండో జంతువు చేతిలో ఉంది. నా లెక్కలో ఈ చర్చ మొత్తంలో అన్నింటికంటే విలువైన వాక్యం అదే. పాఠాలు కుక్కకు, పరీక్ష పిల్లికి.

ఇవన్నీ ఇజ్రాయెల్, బ్రిటన్, అమెరికా ఇళ్ళ లెక్కలన్నది గుర్తుంచుకోవాలి. పగలు చెప్పులు విడిచే చోట కాపలా పడుకుని రాత్రి ఏసీ గదిలోకి వచ్చే మన ఇండీ కుక్క, వంటింటి కిటికీలోంచి ఇంకా బయటికి పోయి వచ్చే మన పిల్లి ఆ లెక్కల్లో సరిగ్గా ఇమడవు.

మందులు, డిఫ్యూజర్లు, ఒక హెచ్చరిక

పిల్లి చెంప రుద్దినప్పుడు వదిలే వాసన సంకేతాన్ని, అంటే ఫెరోమోన్‌ను, ఫ్రాన్స్ పశువైద్యుడు పాట్రిక్ పజా 1990లలో విడదీశాడు. పాలిచ్చే తల్లికుక్క నుంచి వచ్చేదాన్నీ అతనే గుర్తించాడు. 2020లో మిరియం ప్రయర్, డేనియల్ మిల్స్ కుక్కా పిల్లీ కలిసి ఉన్న ఇళ్ళలో ఫెలివే ఫ్రెండ్స్, అడాప్టిల్ అనే ఫెరోమోన్ డిఫ్యూజర్లు రెంటినీ పోల్చారు. ఎవరికి ఏది పెట్టారో చెప్పకుండా చేసిన పరీక్ష. రెండింటితోనూ తరుముడు, గుర్రు తగ్గాయి. మందు లేని ఖాళీ డిఫ్యూజరు పెట్టిన గుంపు అందులో లేదు కనుక, పనిచేసింది ఫెరోమోనా, గడిచిన వారాలా అన్నది తేలలేదు. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు, గది తలుపుకు అది ప్రత్యామ్నాయం కాదు.

ఈ సందర్భంలో మందుల సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోకూడదు. కొత్త కుక్కతో పిడుదులు వస్తాయి, పిడుదులకు మెడమీద వేసే చుక్కలమందు వస్తుంది. కుక్కల చుక్కలమందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. మందు వేసిన కుక్క పక్కన పడుకున్నా, దాన్ని నాకినా పిల్లికి వణుకు, ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. మంచి స్నేహం కుదిరిన ఇళ్ళలోనే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడే అవి ఒకే పరుపు మీద పడుకుంటాయి.

తేలనివి

ఎన్నాళ్ళు ఆగాలన్నది తేలలేదు. తేదీలు చెప్పేవాళ్ళను నమ్మనక్కర్లేదు. "రెండో వారం జాలీ, మూడో వారం లీష్" అని కాలెండరు గీసుకుంటే కుక్కా పిల్లీ దాన్ని చదవవు. తలుపు ఇవతల పిల్లి గిన్నె ఖాళీ చేసిందా, అవతల కుక్క గీకకుండా తిందా అన్నదే తేదీ.

కుక్క తరుముతున్నది ఆటా, వేటా అన్న గీత కూడా అంత స్పష్టంగా లేదు. ఆటలో మొదలైన తరుముడు పిల్లి కీచుమన్న క్షణాన వేటలోకి జారవచ్చు. అందుకే కలిసి ఆడుకునే జంటను కూడా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకే గదిలో వదలొద్దని జాగ్రత్తపరులు చెబుతారు. ఏడాది పాటు అన్నీ సవ్యంగా సాగిన తర్వాత కూడా ఆ నియమం ఉండాలా? వాళ్ళలో వాళ్ళకే ఏకాభిప్రాయం లేదు.

కుక్కను తిరిగి ఇచ్చెయ్యడం ఎప్పుడు సబబు? జాలీ అవతల పిల్లి నీడ పడినా కుక్క వారాల తరబడి కదలక, తిండి ముట్టక, బిగుసుకుని కూర్చుంటే అది శిక్షణతో తీరే విషయం కాదని ఎక్కువమంది నిపుణులు అంటారు. దానికి పిల్లి లేని ఇల్లు వెతకడమే మేలు. పిల్లి వైపు నుంచి అలాంటి గీత ఎవరూ గీయలేదు. తిండి మానేస్తే గుర్తిస్తాం; లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది కూడా. కానీ మూడు పూటలా తింటూ, పోట్లాడకుండా, పగలంతా అటక మీదే గడిపే పిల్లి సంగతేమిటి? యజమాని సర్వేలో "సర్దుకుపోయాయి" అని రాస్తాడు. ఆ 80 శాతంలో అలాంటి పిల్లులు ఎన్ని ఉన్నాయో సర్వే కాగితం చెప్పలేదు, జవాబు రాసింది మనిషి గనుక. ఇవాళ రెండు వేల రూపాయల కెమెరా వసారాలో పెడితే పిల్లి రోజుకు ఎన్నిసార్లు అటక దిగింది, నీళ్ళ గిన్నె దాకా ఎన్నిసార్లు వెళ్ళింది, కుక్క తల ఎత్తగానే ఎన్నిసార్లు సగం దారిలో వెనుదిరిగింది, అన్నీ లెక్క తేలతాయి. కుక్క రాకముందు ఒక వారం, వచ్చాక రెండు నెలలకు ఒక వారం.